హనుమనహళ్లి కొండ దగ్గర లెక్కల పంచాయితీ

కర్ణాటకలోని కోలార్ జిల్లాకి మేం వెళ్లిన పని చెప్పుకోవడానికి చిన్నదే. మూడు వైపుల నుంచి వచ్చే జట్లు ఒకే పద్ధతిలో గబ్బిలాలను లెక్కపెట్టేలా చూడాలి. ఒక జట్టు బెంగళూరు నుంచి, ఇంకోటి హైదరాబాద్ నుంచి, మూడోది చిత్తూరు వైపు నుంచి. ఎవరి పరికరాలు వాళ్లవి, ఎవరి అలవాట్లు వాళ్లవి. గబ్బిలాల గురించి నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్లే అందరూ. వాళ్లందరినీ ఒక్క ఫారం మీదికి తేవడం నాకు అప్పగించిన పని. గబ్బిలాలతో వేగడమే నయమని బయల్దేరే ముందే ఒకాయన హెచ్చరించాడు.

ఇంత హడావుడి ఒక చిన్న జీవి కోసం. కోలార్ ఆకుముక్కు గబ్బిలం. ముక్కు మీద ఆకులాంటి చర్మపు మడత ఉంటుంది, తిండి పురుగులే. 1994లో కాక్, భట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. అప్పటికి ఇది దొరికిన చోట్లు రెండే, రెండూ ఈ జిల్లాలోనివే: తేరహళ్లి, హనుమనహళ్లి. తర్వాతి సర్వేల్లో తేరహళ్లిలో కనబడలేదు. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో దీనికి తెలిసిన నివాసం హనుమనహళ్లి దగ్గరే ఉంది. మిగిలినవి 200 లోపే ఉంటాయని పరిశోధకుల అంచనా. ఆకుముక్కు గబ్బిలాలు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి కాబట్టి ఒకసారి తగ్గితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ముందు తేరహళ్లికి వెళ్దామని పట్టుబట్టాను. లేని గబ్బిలం కోసం కొండెక్కడం ఏంటని సగం మంది గొణిగారు. కోలార్ పక్కనే అంతరగంగ కొండల వరుసలో ఉంటుందా ఊరు. దారి పొడవునా ఒకదాని మీద ఒకటి పడ్డ పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య చీకటి సందులు. ఎండ బాగా ఉంది. ఒక్కో సందులో తల పెట్టి, ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేసి చూడటం, రాసుకోవడం, మళ్లీ నడవడం.

అక్కడే మొదటి గొడవ వచ్చింది. పాత పట్టికలు తీసి చూస్తే చాలా గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ అంటే వెతికినా దొరకలేదనా, అసలు వెతకనే లేదనా? రాసినవాళ్లకే గుర్తు లేదు. ఒక జాతి ఒక చోటు నుంచి పోయిందని చెప్పాలంటే ఎవరు, ఎంతసేపు, ఎన్ని సందులు, ఏ పరికరంతో, ఎలాంటి వాతావరణంలో వెతికారో ఉండాలి. ఇవేవీ లేని ఖాళీ గడితో ఎవరికీ ఉపయోగం లేదు. దొరికిన రోజు అందరూ శ్రద్ధగా రాస్తారు. దొరకని రోజు ఫారం బ్యాగులోనే ఉండిపోతుంది. నా అనుభవంలో జట్ల మధ్య తేడాలన్నిటికన్నా పెద్ద సమస్య ఇదే.

గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. ఆ ప్రాంతంలో తెలుగు బాగానే వినబడుతుంది.

"ఏం సార్, బండలు కొట్టేకి వచ్చినారా?"

"లేదు పెద్దాయనా, గబ్బిలాలు చూడ్డానికి."

"గబ్బిలాయిలా! నా చిన్నప్పుడు ఈ సందుల్లో నిండా ఉండేవి."

"ఎప్పట్నుంచి లేవు?"

"అదెవరు చూసినారు సార్? ఉన్నప్పుడే ఎవరూ లెక్కబెట్టలేదు."

అవి ఏ రకమో ఆయన చెప్పలేడు, చెప్పాలని అడగడం కూడా అన్యాయం. కానీ వదిలేయడానికి మనసొప్పక ఫారంలో 'విన్నది' అని ఒక గడి కలిపాం. చూసినదానితో అది కలవకూడదు, అంతే.

గబ్బిలాల కూతలు పట్టే రికార్డర్ల సంగతి కూడా ఆ కొండ మీదే తేలింది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఈ గబ్బిలం కూత 100 దాటి ఉంటుంది. ఒక శబ్దం సరిగ్గా రికార్డు కావాలంటే సెకనుకి దానికి రెట్టింపు కన్నా ఎక్కువ నమూనాలు తీసుకోవాలి. ఒక జట్టు తన పరికరాలను 192 మీద, అంటే సెకనుకి 192 వేల నమూనాల మీద పెట్టుకొచ్చింది. దాంతో 96 కిలోహెర్ట్జ్ దాటినదేదీ సరిగ్గా పడదు. మనం వెతికే గబ్బిలం మైకు ముందు నుంచే ఎగిరినా ఫైల్లో కనబడదు, పట్టికలో మాత్రం 'లేదు' అని చేరిపోతుంది. ఆకుముక్కు వాటిలోనే కొన్ని 150 దరిదాపుల్లో కూస్తాయి కాబట్టి అందరికీ 384 అని తేల్చాం. కార్డులు త్వరగా నిండుతాయని, బ్యాటరీలు ఆగవని సణుగుడు మొదలైంది. నిజమే, కానీ వేరే దారి లేదు. పైగా అంత సన్నటి కూత గాలిలో కొన్ని మీటర్లకే అణగారిపోతుంది. రికార్డర్‌ని దూరంగా చెట్టుకి కట్టి హాయిగా కూర్చుందామంటే కుదరదు.

హనుమనహళ్లి ఏకశిలా గుట్టల ఊరు. ఈ గబ్బిలానికి అసలు ముప్పు ఆ రాయే. గ్రానైట్‌కి గిరాకీ ఉన్నంతకాలం గుట్టకి భద్రత లేదు. పేలుడు పెడితే గుహ కూలకపోయినా లోపలి గబ్బిలాలు బెదిరిపోతాయి. గుహల చుట్టూ 30 ఎకరాలను కర్ణాటక ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించడం వెనక, అవి ఫలానా చోట ఇన్ని ఉన్నాయని పరిశోధకులు రాసిపెట్టిన లెక్కల బలం ఉంది. కాగితం మీద అంకె లేకపోతే ఏ ఆఫీసులోనూ ఫైలు కదలదు. చట్టం కూడా మొదట్నుంచీ గబ్బిలాలన్నిటి పక్షాన లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతో పాటు ఐదో షెడ్యూల్లో, హానికర జంతువుల కింద పెట్టారు. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది.

మేం గుహలోకి వెళ్లలేదు. 200 లోపు ఉన్న జాతిని ఫొటోల కోసం బెదరగొట్టే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం, అనుమతి కూడా బయటి వరకే. మాస్కులు మాత్రం బయట కూడా తీయలేదు. కోవిడ్ తర్వాత మన నుంచి వాటికి ఏదైనా అంటుతుందేమోనన్న జాగ్రత్త కూడా ఇందులో ఉంది. ఊరి కుర్రాడొకడు నీపా గురించి అడిగాడు. కేరళలో 2018లో వచ్చిన ఆ జబ్బుకి మూలంగా తేలినవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలని, ఇవి వేరే కుటుంబమని చెప్పాం. నమ్మాడో లేదో గానీ చివరిదాకా మాతోనే కూర్చున్నాడు.

సూర్యాస్తమయానికి అరగంట ముందే అందరూ నేల మీద సర్దుకున్నారు. చేతిలో నొక్కి లెక్కపెట్టే క్లిక్కర్, పక్కన ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. గబ్బిలాలు బుద్ధిగా వరుసలో బయటికొచ్చి వెళ్లిపోతాయనుకుంటే పొరపాటు. ఒకటి వస్తుంది, వెలుతురు చూసుకుని లోపలికి పోతుంది, మళ్లీ వస్తుంది. బయటికొచ్చినవే నొక్కుకుంటూ పోతే ఒకే గబ్బిలం మూడైపోతుంది. అందుకని ఒకరు వచ్చేవి, ఒకరు తిరిగి పోయేవి, తర్వాత తీసివేత. మొదటి పది నిమిషాలకే ఇద్దరి అంకెలు పొంతన లేకుండా ఉంటే కొంచెం టెన్షన్ పడ్డాం. కెమెరాలో నెమ్మదిగా చూసి సరిచేసుకున్నాం. బ్రిటన్‌లో 1996 నుంచి నడుస్తున్న జాతీయ గబ్బిలాల పరిశీలన కార్యక్రమంలో మామూలు జనమే ఇలా గూళ్ల దగ్గర కూర్చుని లెక్కపెడతారు. అందరూ ఒకే పద్ధతి పాటించడం, ఏటా దాన్నే కొనసాగించడం వాళ్ల బలం.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఆ గుహలో ఆకుముక్కు రకాలు ఒకటికి మించి ఉన్నాయి. చీకట్లో ఎగిరేదాన్ని చూసి ఏ జాతో ఎవరూ చెప్పలేరు. కూతల్ని బట్టి ఏ జాతులున్నాయో తెలుస్తుంది గానీ, ఎన్ని ఉన్నాయో తెలియదు. హైదరాబాద్ జట్టు మొత్తం అంకెను కూతల నిష్పత్తిలో పంచుదామంది. నేను ఒప్పుకోలేదు. కూత గట్టిగా ఉన్న జాతి ఎక్కువసార్లు పడుతుంది కదా. చివరికి మొత్తం వేరుగా, జాతుల జాబితా వేరుగా రాయాలని నిర్ణయించాం. ఎగరలేని పిల్లలు లోపలే ఉంటాయని కూడా ఫారం కింద చేర్చాం.

మర్నాడు ఫైళ్లు కలిపితే ఒక జట్టు గబ్బిలాలు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో బయటికొచ్చాయి! రికార్డర్ గడియారం అంతర్జాతీయ సమయంలో ఉంది, మనకన్నా అయిదున్నర గంటలు వెనక. నవ్వుకున్నాం గానీ, ఏళ్ల తర్వాత ఎవరో పరాయివాళ్లు ఆ ఫైలు తెరిస్తే నవ్వరు.

అసలు పంచాయితీ ఆఖరున జరిగింది: ఈ లెక్కలు ఎవరివి? ఏళ్లుగా తిరిగినవాళ్లకి తమ డేటా వేరేవాళ్ల పేరు మీద అచ్చవుతుందన్న భయం ఉంది, అది ఊరికే పుట్టిన భయం కాదు. వాదనలు చాలాసేపు నడిచాక ఒప్పందం రాసుకున్నాం. సేకరించిన జట్టు పేరు ప్రతి వరుసలో ఉండాలి, వాళ్లని అడగకుండా ప్రచురించకూడదు, గుహ ముఖాల కచ్చితమైన స్థానాలు బయట పెట్టకూడదు. అటవీ శాఖకి మాత్రం పూర్తి ప్రతి.

చిత్తూరు వైపు జట్టు సరిహద్దుకి ఇవతల ఇలాంటి బండల గుట్టలనే వెతకడానికి సిద్ధమైంది. వాళ్ల రికార్డర్లన్నీ 384కి మార్చి, గడియారాలు సరిచేసి, ఫారాల కట్ట ఇచ్చాను. బస్సెక్కే ముందు వాళ్లలో ఒకమ్మాయి అడిగింది, "ఏమీ దొరక్కపోయినా నింపాలా సార్?" అని. నింపాలన్నాను. ఆ ఫారాలే ముందు పంపమని కూడా చెప్పాను.