గ్యాస్ అయిపోలేదు

మే నెల మధ్యాహ్నం, హనుమకొండలో ఏసీ మొరాయిస్తే ఇంట్లో తలా ఒక వైద్యం చెబుతారు. అత్తయ్య స్టెబిలైజర్‌ను అనుమానించారు. మావారు 16కు పెట్టమన్నారు. మాది పాత రకం, బయటి యూనిట్‌లోని కంప్రెసర్ వేగాన్ని మార్చే ఇన్వర్టర్ దానికి లేదు. 16కు పెట్టినా 24కు పెట్టినా కంప్రెసర్ వేగం ఒకటే, ఎక్కడ ఆగాలన్నదే తేడా. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

వచ్చిన మెకానిక్ మూతైనా తీయకుండా "గ్యాస్ పోయిందమ్మా, నింపాలి" అన్నాడు. నాకు మనసొప్పలేదు. గ్యాస్ తగ్గితే మొదటి నుంచీ చల్లదనం అంతంతమాత్రమే ఉంటుంది, చాలాసార్లు రాగి గొట్టం మీద మంచు పేరుకుంటుంది. మాదేమో ఆన్ చేయగానే చక్కగా చల్లటి గాలి ఇస్తోంది, గది ఇంకా ఉడుకుతుండగానే బయటి యూనిట్ ఆగిపోతోంది. అంటే గది చల్లబడిందని దానికి ఎవరో చెబుతున్నారు!

కాజీపేట నుంచి వచ్చిన రెండో మెకానిక్‌కు ఇదే చెప్పాను. ఫిల్టర్ తీసి చూపించాడు. గది గాలి ఉష్ణోగ్రతను కొలిచే చిన్న సెన్సర్ క్లిప్పులోంచి ఊడి, చల్లటి కాయిల్‌కు ఆనుకుని ఉంది. పాపం, దానికి చల్లగానే ఉంది మరి. తిరిగి క్లిప్పులో బిగించాడు, అంతే.

మొదటి మెకానిక్ మాత్రం గ్యాస్ ఎప్పుడు నింపాలని ఇంకా ఫోను చేస్తూనే ఉన్నాడు.