ఉద్యోగానికి ముందు క్రిమినల్ చెక్: ఏం కనపడుతుంది, ఎలా తేల్చుకున్నాను

ఆఫర్ లెటర్ తర్వాత జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో క్రిమినల్ చెక్ అని ఒక్క ముక్కలో రాసేస్తారు గానీ, దాని వెనక రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి కోర్టు రికార్డు చెక్. రెండోది పోలీస్ వెరిఫికేషన్. ఒకరు చూసే చోట రెండోవాళ్ళు చూడరు. నా విషయంలో కోర్టు చెక్‌లో నాది కాని గుంటూరు కేసొకటి నా పేరు మీద తేలింది. పోలీసుల వైపేమో, ఎప్పుడో రాజీ అయిపోయిన నా సొంత కేసు ఇంకా నడుస్తున్నట్టు ఉంది. రెండింటినీ సరిచేయించుకున్న పద్ధతి రాస్తున్నాను.

ముందు ఒక అపోహ. పేరు కొడితే దేశం మొత్తం మీద ఉన్న కేసులన్నీ చూపించే సర్కారు జాబితా ఏదీ ప్రైవేటు కంపెనీల చేతిలో లేదు. పోలీస్ స్టేషన్లను కలిపే సి.సి.టి.ఎన్.ఎస్. పోలీసులది. లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ 2018లో వచ్చింది, అదీ దర్యాప్తు సంస్థలకే. కంపెనీ పెట్టుకున్న వెరిఫికేషన్ ఏజెన్సీ ప్రధానంగా చూసేది కోర్టు కేసుల వివరాలుండే సర్కారు వెబ్‌సైట్ ఇ-కోర్ట్స్, అందులోంచి పోగేసుకున్న తమ సొంత డేటా. అది మీరూ నేనూ ఉచితంగా చూడగలిగేదే. అందుకే వాళ్ళకంటే ముందు మనం చూసుకోవడం తెలివైన పని.

చూసే పద్ధతి ఇది. ఇ-కోర్ట్స్‌లో కేస్ స్టేటస్ తెరిచి రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పార్టీ పేరు, సంవత్సరం ఇవ్వాలి. పెండింగ్, డిస్పోజ్డ్, రెండూ అని మూడు ఎంపికలుంటాయి. రెండూ అన్నదే పెట్టాలి. ముగిసిన కేసులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. సంవత్సరం అంటే గొడవ జరిగిన సంవత్సరం కాదు, కోర్టులో కేసు రిజిస్టరైన సంవత్సరం. ఎఫ్.ఐ.ఆర్. 2018లో అయి ఛార్జిషీటు 2020లో పడితే 2020లో వెతకాలి. కాబట్టి ఒక్కో సంవత్సరం విడివిడిగా కొట్టుకుంటూ పోవాలి. విసుగే, కానీ దగ్గరి దారి లేదు. ఎఫ్.ఐ.ఆర్. నంబరు తెలిస్తే స్టేషన్ పేరుతోనూ వెతకొచ్చు, అది తొందరగా తేలుతుంది.

విజయవాడ వాళ్ళు తడబడేది జిల్లా దగ్గర. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా వచ్చింది కదా అని ఆ పేరు కోసం చూస్తే లాభం లేదు. నేను వెతికినప్పుడు విజయవాడ కోర్టులు కృష్ణా జిల్లా కిందే ఉన్నాయి. నరసరావుపేట, బాపట్ల కోర్టులు గుంటూరు కింద. పాత తీర్పుల్లో మెట్రోపాలిటన్ మెజిస్ట్రేట్ కోర్టు అని ఉంటుంది. 2024 జూలై 1న క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సి.ఆర్.పి.సి. స్థానంలో కొత్త చట్టం, అంటే బి.ఎన్.ఎస్.ఎస్., అమల్లోకి వచ్చాక ఆ తరగతి మెజిస్ట్రేట్లు లేరు. కోర్టు పేరు తేడాగా ఉందని కంగారు పడక్కర్లేదు, కేసు నంబరు, సంవత్సరం కలిస్తే చాలు. సి.ఎన్.ఆర్. అని ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఉంటుంది. అది దొరికితే రాసి పెట్టుకోండి, తర్వాత అన్ని ఉత్తరాల్లోనూ అదే పనికొస్తుంది.

వచ్చిన ఫలితాన్ని చదవడం ఇంకో విద్య. సి.సి. అంటే మెజిస్ట్రేట్ దగ్గర మామూలుగా విచారించే కేసు. ఎస్.టి.సి. అంటే చిన్న నేరాల సమ్మరీ కేసు. పి.ఆర్.సి. అంటే పెద్ద నేరాలు విచారించే సెషన్స్ కోర్టుకి పంపబోయేది, ఎస్.సి. అంటే సెషన్స్‌లో ఉన్నది. ఎం.సి. మనోవర్తి, డి.వి.సి. గృహహింస చట్టం కింద వేసింది. ఈ చివరి రెండూ నేరం మోపినవి కావు, కానీ పేరు కలిసిందని ఏజెన్సీ వాళ్ళు వీటినీ రిపోర్టులో ఎక్కిస్తుంటారు. క్రిమినల్ కేసులో పిటిషనర్ వైపు స్టేట్ అనో స్టేషన్ పేరో ఉండి, రెస్పాండెంట్ వైపు నిందితుడి పేరు ఉంటుంది. ఫలానా వారు, ఇతరులు అని ఉంటే ఏ2, ఏ3, అంటే రెండో, మూడో నిందితులు, ఎవరో కేసు లోపలికి వెళ్తేనే తెలుస్తుంది. నాది ఏ3.

చెక్ బౌన్స్ కేసు సంగతి విడిగా చెప్పాలి. అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నేరుగా కోర్టులో వేసే ప్రైవేటు ఫిర్యాదు. ఎఫ్.ఐ.ఆర్. ఉండదు కనుక స్టేషన్‌లో అడిగితే ఏమీ లేదంటారు. కోర్టు చెక్‌లో మాత్రం సి.సి. నంబరుతో కనపడుతుంది. దీనికి తలకిందులుగా, ఎఫ్.ఐ.ఆర్. అయి ఛార్జిషీటు ఇంకా పడని కేసు కోర్టు పేర్ల వెతుకులాటలో మామూలుగా దొరకదు, పోలీసుల దగ్గరే తేలుతుంది. పోలీస్ సర్టిఫికెట్ క్లీన్‌గా వచ్చింది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళు కోర్టు చెక్‌లో ఇరుక్కునేది ఇందుకే.

నా పేరు మీద పడ్డ గుంటూరు కేసు సరిగ్గా అలాంటిదే, చెక్ బౌన్స్. మన పేర్లతో ఉన్న ఇబ్బంది ఇది: ఇంటిపేరు పొడి అక్షరమైపోతుంది, మిగిలిన వెంకటేశ్వరరావులూ శ్రీనివాసరావులూ గుంటూరు, విజయవాడల్లో వీధికి నలుగురు. ఇంగ్లీషు స్పెల్లింగు గుమాస్తాకొక రకం. ఏజెన్సీ సాఫ్ట్‌వేర్ దగ్గర దగ్గరగా ఉన్నవన్నీ పట్టుకుని పాజిబుల్ మ్యాచ్ అని పసుపు రంగు వేసి పంపేస్తుంది. పసుపంటే దోషి అని కాదు, తేల్చుకోలేకపోయాం అని. తేల్చే బాధ్యత మాత్రం మన నెత్తిన పడుతుంది.

"అది నేను కాదండీ" అని మెయిల్ కొడితే సరిపోదు. ముందు హెచ్.ఆర్. దగ్గర్నుంచి కేసు నంబరు, కోర్టు పేరు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఆ నంబరుతో ఇ-కోర్ట్స్‌లో ఆర్డర్లు తెరిస్తే, తీర్పు అప్‌లోడ్ అయి ఉంటే, మొదటి పేజీలోనే నిందితుడి తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు ఉంటాయి. తీర్పు ఇంకా రాకపోతే లాయరు ద్వారా ఫిర్యాదు కాపీ చూడాల్సిందే. తర్వాత పక్కపక్కన పట్టిక వేశాను: తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, చిరునామా, వాళ్ళవి ఒకవైపు, నావి ఒకవైపు. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్ జతచేసి, ఆ కేసులోని వ్యక్తి నేను కానని నోటరీ అఫిడవిట్ పెట్టాను. పనిచేసేది తండ్రి పేరు, వయసు. చిరునామా ఒక్కటే తేడా అంటే ఇల్లు మారి ఉండొచ్చని తోసిపుచ్చుతారు. ఏజెన్సీ రిపోర్టు సవరించి పచ్చరంగు ఇచ్చింది.

ఇక నా సొంత కేసు. అపార్ట్‌మెంట్ పార్కింగ్ దగ్గర తోపులాట, ఐ.పి.సి. 341, 323, 506 రెడ్ విత్ 34, అంటే అడ్డగించడం, కొట్టడం, బెదిరించడం, అదీ అందరూ ఒకే ఉద్దేశంతో కలిసి చేశారని. మూడూ రాజీకి వీలున్న సెక్షన్లే కాబట్టి లోక్ అదాలత్‌లో ముగిసింది. రాజీ నమోదైతే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలతో సమానం, సి.ఆర్.పి.సి. 320(8) అదే చెప్పేది, ఇప్పుడు బి.ఎన్.ఎస్.ఎస్. 359(8). ఆయుధంతో గాయపరిచిన 324 ఉన్న కేసైతే ఇలా కుదిరేది కాదు, 2009 చివరినుంచి దాన్ని రాజీ జాబితాలోంచి తీసేశారు. అప్పుడు హైకోర్టుకెళ్ళి క్వాష్ చేయించుకోవాలి, అంటే కేసునే కొట్టేయించుకోవాలి.

లోక్ అదాలత్ దగ్గర చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. అదే రోజు, అదే హాల్లో, రాజీ పడినవాళ్ళూ ఉంటారు, నేరం ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. ఇద్దరికీ కేసు పోయింది అనే చెప్తారు. మొదటివాడు నిర్దోషి. రెండోవాడు దోషి. సంక్రాంతికి కోడిపందెం బరి దగ్గర పట్టుబడి గేమింగ్ చట్టం కింద జరిమానా కట్టినా, పేకాటలో దొరికినా, బెంజ్ సర్కిల్ దగ్గర తాగి బండి నడిపి సెక్షన్ 185 కింద కోర్టులో ఫైన్ కట్టినా, అది శిక్షే. ఎస్.టి.సి. నంబరుతో పక్కన కన్విక్టెడ్ అని ఉంటుంది. హెల్మెట్ లేదని వచ్చే ఇ-చలానా కట్టేస్తే అది వేరు, కోర్టు దాకా పోదు. ఉద్యోగాలు వెతుక్కునే వయసు కుర్రాళ్ళు కొన్ని వందలతో పోతుందని ఒప్పేసుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సంతకం పెట్టేముందు లాయర్ని ఒక్క మాట అడగండి.

కోర్టులో ముగిసిన కేసు పోలీసుల రికార్డులో దానంతటదే ముగియదు. కోర్టునుంచి వెళ్ళిన ఫలితాన్ని స్టేషన్‌లో ఎవరో ఒకరు ఎక్కించాలి. ఎక్కించేదాకా పి.టి., అంటే పెండింగ్ ట్రయల్ అనే ఉంటుంది. కోర్టు సీలున్న సర్టిఫైడ్ కాపీ తీసుకుని, స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌కి ఒక అర్జీతో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ తర్వాతే పోలీస్ వెరిఫికేషన్‌కి దరఖాస్తు చేసుకోవడం మేలు. విచారణకి ఇంటికొచ్చిన కానిస్టేబుల్‌కి కూడా అదే కాపీ చూపించాలి. ఇరుగుపొరుగు ఇద్దరిని అడుగుతారు, వాళ్ళకి ముందే చెప్పి ఉంచితే మంచిది.

సర్టిఫైడ్ కాపీకి కేసు నడిచిన కోర్టులోనే కాపీ అప్లికేషన్ వేయాలి. సి.ఎ. నంబరు ఇస్తారు. ఎన్ని పేజీలో లెక్క తేలాక కాపీ స్టాంపులు కట్టమని నోటీసు బోర్డులో పెడతారు, ఇంటికి కబురేమీ రాదు. గడువు దాటితే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్ళీ మొదటికి. అందుకని లాయరు గుమాస్తాకి అప్పజెప్పడమే సుఖం. వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసిన తీర్పు ప్రైవేటు కంపెనీకి చాలావరకు సరిపోతుంది. సర్కారు ఉద్యోగానికీ పోలీసులకీ సీలున్నదే కావాలి.

ఫారంలో ఏం రాయాలన్నది ప్రశ్నని బట్టి. ఎప్పుడైనా శిక్ష పడిందా అని అడిగితే, రాజీ అయిన నేను లేదు అని రాయొచ్చు, అది నిజం. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా అని అడిగితే అవును అనే రాయాలి. సర్కారు ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో రెండో రకం ప్రశ్నలే ఉంటాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనిమీద వివరంగా చెప్పింది: ఫారంలో స్పష్టంగా అడిగినదాన్ని దాచితేనే దాచినట్టు; చిన్న కేసైతే యాజమాన్యం క్షమించొచ్చు; నిజం చెప్పినా సరే, పూర్వాపరాలు చూసి వద్దనుకునే హక్కు యాజమాన్యానికి ఉంటుంది. నేను ప్రైవేటు ఫారంలో అడిగినదానికి జవాబిచ్చి, అదనపు వివరాల గడిలో కేసు నంబరు, సెక్షన్లు, రాజీ తేదీ రాసి లోక్ అదాలత్ ఇచ్చిన ఉత్తర్వు, అంటే అవార్డు, కాపీ జతచేశాను. వాళ్ళకి కోర్టు చెక్‌లో ఎలాగూ కనపడేదే.

మైనరుగా ఉన్నప్పటి కేసు జువెనైల్ బోర్డులో తేలిపోతే 2015 చట్టం సెక్షన్ 24 ప్రకారం దానివల్ల అనర్హత రాదు. పదహారు దాటి పెద్దవాళ్ళతో సమానంగా విచారించిన ఘోర నేరాలకి ఈ రక్షణ లేదు. ప్రొబేషన్ మీద, అంటే జైలుకి పంపకుండా మంచి నడవడిక షరతు మీద, వదిలేసినవాళ్ళకి 1958 చట్టం సెక్షన్ 12 అనర్హతని తీసేస్తుంది గానీ, దోషి అన్న నిర్ధారణ కాగితం మీద ఉండిపోతుంది.

విదేశీ ఉద్యోగానికి అడిగే పి.సి.సి., అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, వేరే దారి. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు, రుసుము 500 రూపాయలు, తర్వాత స్థానిక పోలీసు విచారణ. ఇక్కడి కంపెనీకి అది అక్కర్లేదు. పాస్‌పోర్ట్‌లో పాత చిరునామా ఉంటే దాని సంగతి ముందే తేల్చుకోవడం మంచిది, లేకపోతే విచారణ వేరే ఊరికి పోవచ్చు.

కాపీలు తీసుకునేటప్పుడు రెండు మూడు సెట్లు తీసుకోండి. పాత కేసుల ఫైళ్ళని కోర్టులు గడువు తర్వాత ధ్వంసం చేస్తాయి, వెబ్‌సైట్‌లో పేరూ నంబరూ మాత్రం మిగులుతాయి. అప్పుడు ఏజెన్సీకి కేసు కనపడుతుంది, ఎలా ముగిసిందో చూపించే కాగితం ఎక్కడా దొరకదు.