బ్రెజిలియన్ రోజ్‌వుడ్ గిటార్ అమ్మాను, కాగితాలతో సహా

చేత్తో చేసిన పాత అకూస్టిక్ గిటార్ ఒకటి ఈమధ్యే అమ్మాను. టాప్ స్ప్రూస్, నెక్ మహాగనీ, బ్యాక్, సైడ్స్ బ్రెజిలియన్ రోజ్‌వుడ్. కొన్నవారు వేరే దేశంలో ఉన్నారు. పని అంతా అక్కడే చిక్కుపడింది.

ప్రకటన తేలికే. "పాతబడ్డ కొద్దీ గొంతు పండింది" లాంటి కవిత్వం తెలిసిన కొనుగోలుదారుకి అక్కర్లేదు, అంకెలు కావాలి. స్కేల్ పొడవు (తీగ మోగే పొడవు), నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) వెడల్పు, 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ (ఫ్రెట్‌కి, తీగకి మధ్య ఎత్తు), బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు బిగించే చెక్క) మీద శాడిల్ (తీగలు ఆనే పట్టీ) ఎంత పైకి ఉంది, ఇవి చాలు. లావు తీగ కింద 2.4 మి.మీ., సన్న తీగ కింద 1.6 మి.మీ. ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. కానీ యాక్షన్ ఒక్కటే చూసి మోసపోయేవాళ్లు చాలామంది. 12వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. తగ్గాలంటే శాడిల్‌ని 2 మి.మీ. అరగదీయాలి. అలా అరగదీసి, నెక్ కోణం చెడిన సంగతి కప్పిపుచ్చుతారు. ఫ్రెట్ల మీద నిటారైన స్టీలు పట్టీ పెట్టి బ్రిడ్జ్ వైపు జరపండి. దాని కొస బ్రిడ్జ్ పైఅంచుకి తాకాలి, లేదా కాస్త పైగా పోవాలి. బ్రిడ్జ్ ముందు ముఖానికి గుద్దుకుంటే నెక్ రీసెట్, అంటే నెక్ విప్పి కోణం సరిచేసే ఖర్చు ఉన్నట్టే. ఆ ఫొటో నేనే పెట్టాను, బేరాలు సగం అక్కడే ఆగాయి.

మిగతా పరీక్షలు: బ్రిడ్జ్ వెనక అంచు కిందికి పల్చటి కాగితం దూరితే జిగురు వదిలింది. లోపల చిన్న అద్దం, లైటు పెట్టి బ్రేసులు, అంటే టాప్‌కి లోపల అంటించిన ఆధార పట్టీలు చూడాలి. టాప్ మీద వేలితో తట్టినప్పుడు ఎక్కడైనా గరగరమంటే అక్కడ బ్రేసు ఊడింది. చీకట్లో యూవీ టార్చి వేస్తే పాత నైట్రో ఫినిష్ (నైట్రోసెల్యులోజ్ లక్క పూత) పసుపుపచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసిన చోట రంగు తేడాగా కనిపిస్తుంది. ఈ టార్చి చేతిలో ఉన్నవాడి ముందు డీలర్లు అబద్ధమాడరు. నా అనుభవంలో ఒక్కరూ ఆడలేదు.

ఇక కలప సంగతి. రోజ్‌వుడ్ అనే మాట అనుమతుల కార్యాలయంలో చెల్లదు, శాస్త్రీయ నామం కావాలి. అంతరించే ప్రమాదమున్న జీవుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది సైటిస్ ఒప్పందం. దాని మొదటి అనుబంధం అన్నిటికంటే కఠినమైన జాబితా, రెండోది కాస్త సడలింపు ఉన్నది. 2017 జనవరి 2 నుంచి అది రోజ్‌వుడ్ చెట్ల ప్రజాతి డాల్బర్జియాలో, అప్పటికే మొదటి అనుబంధంలో ఉన్నది తప్ప మిగతా మొత్తాన్ని రెండో అనుబంధంలోకి తెచ్చింది. వాద్యాల వాళ్లు గోల పెట్టగా 2019 నవంబరు 26 నుంచి తయారైన వాద్యాలకు మినహాయింపు వచ్చింది. అది చూసి "ఇక రోజ్‌వుడ్‌కి కాగితాలు అక్కర్లేదు" అని చెప్పుకు తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇండియన్ రోజ్‌వుడ్, అంటే డాల్బర్జియా లాటిఫోలియాతో తయారైన వాద్యాల విషయంలో ఆ మాట నిజం. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ డాల్బర్జియా నైగ్రా, దానికి ఆ మినహాయింపు లేదు. 1992 జూన్ 11 నుంచి అది మొదటి అనుబంధంలో ఉంది, పులి ఉన్న జాబితా అది. బ్యాక్ మహాగనీ అయినా సరే, బ్రిడ్జ్ ఒక్కటి నైగ్రా అయితే చాలు, కాగితం కావాలి. మహాగనీ నెక్‌కి ఆ బాధ లేదు. రెండో అనుబంధంలో ఉన్నా ఆ నిబంధన దుంగలు, కోసిన చెక్క, వెనీర్, ప్లైవుడ్‌లకే. నట్, శాడిల్ కూడా చూసుకోండి. ఎముకైతే సన్నని నల్ల చుక్కలుంటాయి. దంతమైతే అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే వంపు గీతలుంటాయి, అప్పుడు అదో వేరే కేసు.

అనుమతుల కార్యాలయం కౌంటర్‌లో మొదటి ప్రశ్న: "మీరు వాయిస్తారా?" అవునన్నాను. వాద్య ధ్రువపత్రం ఫారం చేతిలో పెట్టారు. అది కచేరీలకు వాద్యం వెంట తీసుకెళ్లే సంగీతకారుల కోసం. మూడేళ్ల వరకు చెల్లుతుంది కానీ దాని మీద అమ్మకం కుదరదు. అమ్మకానికని చెప్పినా వినలేదు. నింపి ఇస్తే "ఉద్దేశం సరిపోలేదు" అని వాళ్లే తిప్పి పంపారు. అమ్మేవాళ్లకు కావాల్సింది ఒప్పందానికి ముందునాటి వస్తువు, అంటే ఆ కలప జాబితాలోకి ఎక్కకముందుది అనే ధ్రువపత్రం.

అది పెట్టాక మూలదేశం గడి దగ్గర పట్టుకున్నారు. బ్రెజిల్ అని రాశాను. "గిటార్ బ్రెజిల్‌లో చేశారా? లేదు కదా. మరెందుకు రాశారు?" అని వరసలో ఉన్నవాళ్లందరూ వినేలా అడిగారు, ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆ గడి అడిగేది చెట్టు పెరిగిన దేశం, గిటార్ చేసిన దేశం కాదు. వాళ్ల ఫారం వెనకే అచ్చయి ఉంది. చదివి వినిపిస్తే మొహం మాడ్చుకుని సీటు దాటించారు. తమ ఫారం తాము చదవని వాళ్ల ముందు దరఖాస్తుదారుడే దోషిలా నిలబడాలి.

వయసు రుజువు ఇంకో మలుపు. లోపలి లేబుల్ మీద తయారీదారు చేత్తో రాసిన ఏడాది ఉంది. "అది ఎవరైనా రాసుకోవచ్చు" అన్నారు. ఈ ఒక్క మాట న్యాయమే, ఒప్పుకుంటాను. పనికొచ్చినవి రెండు: సీరియల్ నంబరు రాసిన, 1992కి ముందు తేదీ ఉన్న పాత రిపేరు బిల్లు, బ్యాక్ స్పష్టంగా కనిపించే తేదీ ఉన్న ఫొటో. చెక్క మీది చారలు వేలిముద్రల్లాంటివి, పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెడితే వాదన ఉండదు. తయారీదారు సంతకంతో ఉత్తరం దొరికితే ఇంకా మేలు. కాబట్టి పాత బిల్లులు పారేయకండి, విప్పేసిన ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) కూడా.

చివర్లో చెక్క నైగ్రాయేనని రుజువు అడిగారు. కఠినమైన జాబితాలో ఉందని నేనే చెబుతుంటే! మైక్రోస్కోపుతో దగ్గరి రకాలను విడదీయడం కష్టం, చెక్కలోని రసాయనాలను బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ మేలు. నమూనా తీయక తప్పకపోతే లోపలివైపు నుంచి సన్నని పేడు తీయనివ్వండి, బయటి ముఖం మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వొద్దు. నా విషయంలో నిపుణుడి సంతకం ఉన్న ఉత్తరంతో సరిపెట్టుకున్నారు.

నోటిమాట నమ్మకండి. ప్రశ్న రాసి పంపి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఎగుమతి కాగితం గడువు 6 నెలలు, పెట్టె కదలకముందే చేతిలో ఉండాలి. పంపేశాక తెచ్చుకుందామంటే కస్టమ్స్‌లో జప్తే. కొన్ని దేశాలు దిగుమతి అనుమతి కూడా అడుగుతాయి. అది కనుక్కోవాల్సింది కొనేవారు.

ప్యాకింగ్‌లో ఎక్కువగా విరిగేది హెడ్‌స్టాక్ (నెక్ కొసన ట్యూనర్లుండే తల), నట్ వెనక. తీగలు వదులు చేసి, హెడ్‌స్టాక్ కింద, పక్కల కాగితం కుక్కి, కేస్‌లో గిటార్ కదలకుండా చేయాలి. కేస్ చుట్టూ కనీసం 5 సెం.మీ. మెత్తన. కేస్ జేబులోని కాపో (నెక్‌కి బిగించే క్లిప్పు), వైండర్ (ట్యూనర్లు తిప్పే పిడి) తీసి వేరేగా పెట్టాలి, లేకపోతే అవే టాప్‌ని గీస్తాయి. పెట్టె కొన్నవారికి చేరాక కేస్ తెరవకుండా 24 గంటలు గదిలో ఉంచాలి. చాలామంది ఆగరు, వెంటనే తీసి యాక్షన్ మారిందని మెసేజ్ పెడతారు. గదిలో తేమ 45–55 శాతం మధ్య స్థిరపడకముందు తీసిన కొలత లెక్కలోకి రాదని నేను ఒప్పందంలోనే రాశాను.