లెవోడోపా, చేపల పులుసు

కావలిలో మా మందుల షాపుకి ఒక పెద్దాయన వస్తుంటాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ బీడీ చుడుతున్నట్టు ఆడుతుంటాయి. మొన్న, "ఏం అబ్బయా, మాత్ర మింగినా చెయ్యి నిలవదే?" అన్నాడు. ఎప్పుడు మింగావు పెదనాయనా అంటే, చేపల పులుసన్నం తినంగానే అంట!

అక్కడే ఉంది తిరకాసు. ఆయనది చేతులు వణికించే పార్కిన్సన్స్ జబ్బు, మింగేది లెవోడోపా మాత్ర. పార్కిన్సన్స్‌లో మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఒంటి కదలికల్ని అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. డోపమైన్‌నే మాత్రగా ఇద్దామంటే రక్తంలోంచి మెదడులోకి పోదు. లెవోడోపా అయితే పోతుంది, పోయి అక్కడ డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోకుండా, మాత్రలో దాంతో కలిపి ఇచ్చే కార్బిడోపా అనే మందు కాపలా కాస్తుంది. వాంతులు తగ్గేదీ దానివల్లే. అయితే లెవోడోపా కూడా అమైనో ఆమ్లమే. చేపలోని ప్రొటీన్ అరిగి వచ్చే అమైనో ఆమ్లాలు పేగు దగ్గరా, మెదడు గడప దగ్గరా దాంతో పోటీపడతాయి. పండగ పూట ఒంగోలు బస్సు ఎక్కినట్టే.

పొలంగట్ల మీది దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంది. 1937లోనే దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. అలాగని నూరుకుని తాగితే ఎంత లోపలికి పోయిందో లెక్క తెలీదు, వద్దు.

డాక్టర్నొకసారి అడిగి, అన్నానికి అరగంట ముందు వేసుకోమన్నా. పులుసు మానమని మాత్రం అనలేదు. నెల్లూరు జిల్లాలో ఆ మాటంటే ఎవరు వింటారు?