ఆర్నెల్ల టీకా, ఒక్క అక్షరం తేడా

అక్టోబర్ 4, శనివారం

దసరా అయిపోయినా సెలవుల మత్తు ఇంకా దిగలేదు. పొద్దున్న ఎనిమిదికే ఉక్కపోత. విశాఖలో మహారాణిపేట ఎత్తు ఎక్కి వచ్చినవాళ్లంతా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గేటు బయట టీ బండి దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. సగం మంది రోగుల తాలూకు, సగం మంది తెల్లకోట్లు. కొత్త కోటుని ఇట్టే పోల్చుకోవచ్చు. ఇస్త్రీ మడత నలగదు, జేబు అంచున సిరా మరక ఉండదు.

వైద్య కోర్సుల పిల్లలకి సలహాలు చెప్పే మా గదికి నర్సింగ్ రెండో ఏడు పిల్ల ఒకతి టీకా కార్డు చేత్తో పట్టుకునే వచ్చింది. పక్కన దాని స్నేహితురాలు, మొదటి ఏడు.

"మేడమ్, వార్డు పోస్టింగులకి హెపటైటిస్ బీ కార్డు అడుగుతున్నారు. నాకు ఒక్క డోసే పడింది, అదీ పోయినేడు. మళ్లీ మొదట్నుంచి వేయించుకోవాలా?"

అక్కర్లేదు. మధ్యలో ఎంత ఎడం వచ్చినా ఆగిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు రెండోది, దానికి కనీసం ఎనిమిది వారాలు గడిచాక మూడోది. సవ్యంగా జరిగితే లెక్క 0, 1, 6 నెలలు. జబ్బ కండకే వేయించుకోవాలి, పిరుదుకి వద్దు. అక్కడ మందు కొవ్వులో పడిపోతే సరిగ్గా పట్టదు. చివరి డోసు పడ్డాక ఒకటి రెండు నెలల మధ్య యాంటీ హెచ్‌బీఎస్ టైటర్, అంటే టీకా పట్టిందో లేదో చెప్పే రక్తపరీక్ష, చేయించుకోవాలి. 10 గానీ అంతకు పైన గానీ వస్తే రక్షణ వచ్చినట్టు. తక్కువొస్తే ఇంకో విడత.

ఈ టైటర్ దాకా వెళ్లే పిల్లలు బహు తక్కువ. అసలు గల్లంతయ్యేది మూడో డోసు. కాలేజీలో చేరిన హడావుడిలో మొదటిది పడిపోతుంది, రెండోది ఎవరో ఒకరు గుర్తుచేస్తారు, ఆరో నెల వచ్చేసరికి పరీక్షలో సెలవులో అడ్డొస్తాయి. టైటర్‌తో కలిపి చూస్తే ఎనిమిది నెలల పని ఇది. పోస్టింగు నోటీసు పడ్డాక మొదలుపెడితే ఎక్కడ తేలుతుంది? సీటు ఖాయమైన వారంలోనే, పుస్తకాలు కొనకముందే, మొదటి డోసు పడిపోవాలి.

మాటలో మాటగా, వార్డులో సూది గుచ్చుకుంటే ఏం చేయాలని మొదటి ఏడు పిల్ల అడిగింది. ముందు సబ్బుతో పారే నీళ్ల కింద కడగాలి. నొక్కి రక్తం తీయకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్ నీళ్లు పోయకూడదు. వెంటనే వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పాలి. ఎవరికి వాడిన సూదో తెలిస్తే ఆ రోగి రక్తం కూడా పరీక్షకి వెళ్తుంది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు. మొదలుపెడితే 28 రోజులూ వాడాలి. తిడతారన్న భయంతో పిల్లలు సాయంత్రం దాకా దాచేస్తారు, అక్కడే సగం సమయం పోతుంది. గుచ్చుకునేది కూడా చాలాసార్లు ఇంజెక్షన్ చేస్తున్నప్పుడు కాదు, చేసేశాక మూత మళ్లీ పెట్టబోయినప్పుడు. వాడిన సూదికి మూత పెట్టకుండా నేరుగా తెల్ల డబ్బాలో వేయాలి. గాజు సీసాలు, యాంప్యూల్స్ నీలం డబ్బాలో. సెలైన్ గొట్టాలు, గ్లవ్స్ లాంటివి ఎర్ర సంచిలో. రక్తం తడిసిన దూది, గాజుగుడ్డ పసుపు సంచిలో. ఆసుపత్రి చెత్త మీద వచ్చిన 2016 నిబంధనల్లోని ఈ నాలుగు రంగులూ వైవాలో (నోటి పరీక్షలో) ఎలాగూ అడుగుతారు. వార్డులో మాత్రం అడగకముందే చేతికి రావాలి.

పదిన్నరకి శ్రీకాకుళం వైపు నుంచి ఒక తండ్రి, వెనకాల కూతురు. "ఏటమ్మా, మా పాపకి నీట్‌ల ర్యాంకు రానేదు. నర్సింగు కాకండా ఇంకేటున్నాయి?"

ఏముంది, బైపీసీ పిల్లకి చాంతాడంత జాబితా చదివేయొచ్చు. బీఫార్మసీ, ఫార్మ్‌డీ, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ, ల్యాబ్ టెక్నాలజీ, అనస్థీషియా, కార్డియాక్ కేర్, ఇమేజింగ్, డయాలసిస్. కానీ పేర్లు వింటే ఏం తెలుస్తుంది? ఆ పని చేసే మనిషి పక్కన ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

డయాలసిస్‌నే తీసుకుందాం. ఒక రోగికి మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. యంత్రంలో డయాలసిస్ ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున పారుతుంది. నాలుగు గంటలకి 120 లీటర్లు. ఇంట్లో మనం రోజుకి తాగేది రెండు మూడు లీటర్లు, అదీ పేగులు వడగట్టాకే రక్తంలోకి వెళ్తుంది. ఇక్కడ రక్తానికీ ఆ ద్రవానికీ మధ్య ఉండేది పల్చటి పొర ఒక్కటే. కుళాయి నీళ్లలో శుద్ధికి కలిపే క్లోరమిన్ ఆర్వో ప్లాంటు దాటి వచ్చేస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అందుకే టెక్నీషియన్ రోజు మొదలయ్యేది రోగి మంచం దగ్గర కాదు, వెనక గదిలో నీళ్లకి క్లోరిన్ పరీక్ష చేసి పుస్తకంలో రాసి సంతకం పెట్టడంతో. ఆ తర్వాత గొట్టాల్లో గాలి బుడగ లేకుండా సెలైన్ నింపడం, ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన చోట) రెండు సూదులు గుచ్చడం. తర్వాతి నాలుగు గంటలూ బీపీ మీదే చూపు. నీరు ఎక్కువ లాగేస్తే రోగి కళ్లు తేలేస్తాడు, పిక్కలు పట్టేస్తాయి. ఇంత నిలకడగా, ఒకే గదిలో, వారం వారం అవే ముఖాలతో పనిచేయడం కొందరికి ప్రాణం, కొందరికి నెలకే విసుగు. ఆ పాప శ్రద్ధగా వింది. తండ్రి ఫీజెంతో అడిగాడు.

ఫీజు కట్టబోయే ముందు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఫార్మసీ కాలేజీ అయితే ఫార్మసీ కౌన్సిల్ జాబితాలో ఈ ఏటి అనుమతి ఉందా, ఎన్ని సీట్లకి ఉందా అన్నది. పోయినేటి కాగితం గోడకి వేలాడుతుంటే చాలదు. నర్సింగ్ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌తో పాటు రాష్ట్ర కౌన్సిల్ కూడా. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి సొంత ఆసుపత్రి 100 పడకలది ఉండాలన్నది కౌన్సిల్ నియమం. బోర్డు మీద పడకలుంటాయి, మంచం మీద రోగి ఉన్నాడా అన్నదే చూడాలి. పనిరోజున పొద్దున్న పదిగంటలకి చెప్పకుండా ఓపీ వైపు ఒక చుట్టు చుట్టి రమ్మని చెప్పి పంపాం. ల్యాబ్, డయాలసిస్ లాంటి అల్లైడ్ కోర్సులకి 2021 చట్టం వచ్చాక జాతీయ కమిషన్ ఏర్పడింది. కోర్సు పేరు ఆ చట్టం జాబితాలో ఎలా ఉందో, సర్టిఫికెట్ మీద అచ్చం అలాగే రావాలి. "హాస్పిటల్ అసిస్టెంట్ డిప్లొమా" లాంటి గాలి పేర్లు పెట్టి లక్షలు గుంజేవాళ్లు ఊరూరా ఉన్నారు.

ఈ ఊళ్లో చదివే పిల్లలకి ఒక వరం ఉంది, వాళ్లకే తెలీదు. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ చేతికింద కేజీహెచ్ ఒక్కటే లేదు. పాత ఊళ్లో ఘోషాసుపత్రి, చినవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి, మెంటల్ ఆసుపత్రి, ఈఎన్‌టీ, పెదవాల్తేరులో కంటి ఆసుపత్రి. వీటికి తోడు హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. ఒక్కో జబ్బుకి ఒక్కో ప్రపంచం, అన్నీ సిటీ బస్సు దూరంలో. పోస్టింగు ఎక్కడ వేసినా మొహం మాడ్చుకోకుండా వెళ్లినవాడికి నాలుగేళ్లలో వచ్చే చేతిపని ఏ కోచింగులోనూ రాదు.

మధ్యాహ్నం అంతా కాగితాలే. ఈ నెలంతా స్కాలర్‌షిప్పుల రద్దీ. ఒక కుర్రాడి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, పదో తరగతి మెమోలో ఒక్క పొడి అక్షరంగా ఉంది, బ్యాంకు పుస్తకంలో వెనక్కి పోయింది. మనిషొకడే, కంప్యూటర్‌కి ముగ్గురు. మూల కాగితం పదో తరగతి మెమో. ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్చుకోవాలి గానీ మెమోని ఆధార్‌కి తగ్గట్టు కాదు. ఆధార్ మారాక బ్యాంకు, తర్వాతే స్కాలర్‌షిప్ పోర్టల్. వరస తప్పితే మళ్లీ మొదటికి. ఇంకో చిక్కు: ఆధార్‌కి ఏ ఖాతా చివరగా ముడిపడి ఉంటే డబ్బు అందులోనే పడుతుంది, ఫారంలో రాసిన ఖాతాలో కాదు. ఎప్పుడో సిమ్ కార్డుతో తెరిచిన పేమెంట్ బ్యాంకు ఖాతాలో పడిపోయిన స్కాలర్‌షిప్ కోసం ఏడాది తిరిగినవాళ్లున్నారు. ఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఏ బ్యాంకు ముడిపడి ఉందో) చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఇంటర్ బోర్డులో పాసైనవాళ్లలో 80 పర్సెంటైల్ పైన, అంటే మార్కుల్లో పై 20 శాతం మందిలో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే కేంద్ర ప్రభుత్వపు సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కి వేయొచ్చు. డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏటా 12,000, నాలుగో ఏడు నుంచి 20,000. రెన్యువల్‌కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. అయితే రాష్ట్రపు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లు దీన్ని తీసుకోకూడదు. రెండిటికీ వేసేసి తర్వాత తంటాలు పడేకంటే, ఏది ఎక్కువొస్తుందో ముందే లెక్కేసుకోవాలి. ఫార్మసీ, నర్సింగ్ ఫీజులకి చాలామటుకు రీయింబర్స్‌మెంటే నయం. అప్పు తీసుకునేవాళ్లకి నాలుగు లక్షల దాకా బ్యాంకు తాకట్టు అడగకూడదు. మేనేజరు నసిగితే నోటి మాటతో వెనక్కి రావద్దు, దరఖాస్తు చదువు అప్పుల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టాలి. అక్కడ కాదంటే కారణం రాయాలి కదా.

మూడింటికి బీఫార్మసీ చివరేడు జట్టు. అందరి కళ్లూ పరవాడ ఫార్మా సిటీ మీదే. తప్పేం లేదు, ఇంటి పక్కన ఇన్ని కంపెనీలున్న పిల్లలు దేశంలో ఎంతమంది? కానీ క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూకి వెళ్లి డిజల్యూషన్ పరీక్ష (మాత్రలోని మందు ద్రవంలో ఎంత కరిగిందో చూసేది) గురించి నిర్వచనం అప్పజెప్పి వచ్చేస్తారు. అవతలివాళ్లు అడిగేది చేతి సంగతి. ఆరు గిన్నెల్లో ఆరు మాత్రలు. ఎక్కువగా 900 మిల్లీలీటర్ల ద్రవం, 37 డిగ్రీలు, అటూ ఇటూ అర డిగ్రీ. శాంపిల్ ఎక్కడ తీస్తావు? ద్రవం పైమట్టానికీ దాన్ని కలిపే తెడ్డు పైఅంచుకీ సరిగ్గా మధ్యన, గిన్నె గోడకి కనీసం సెంటీమీటరు ఎడంగా. ద్రవంలో కరిగున్న గాలి ముందే తీసేయకపోతే? బుడగలు మాత్రకి అంటుకుని అది పైకి లేస్తుంది, ఫలితం తప్పుతుంది. ఇక రాతపని: పెన్సిల్ ఉండదు, వైట్‌నర్ ఉండదు. తప్పు రాస్తే ఒక్క గీత, కింద అంకె కనపడేలా, పక్కన సంతకం, తేదీ, కారణం. కాలేజీ రికార్డు బుక్కులో ఇవాళ్టి నుంచే ఇలా రాస్తే ఆ అలవాటే ఉద్యోగం తెస్తుంది. వీళ్లలో యంత్రాలంటే ఇష్టపడే పిల్ల ఒకతి ఉంది. ఆమెని పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్ చూసి రమ్మన్నాం. వైద్య పరికరాలు తయారుచేసి, పరీక్షించే చోటు అది.

నర్సింగ్ నాలుగో ఏడు వాళ్లవి రెండే ప్రశ్నలు: ఎయిమ్స్, విదేశం. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్‌కి వయసు 30 లోపు, కొన్ని వర్గాలకి సడలింపు ఉంది. పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకే. బీఎస్సీ వాళ్లకి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చాలు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకి 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఆ అనుభవ పత్రంలో పడకల సంఖ్య రాయించుకోవడం మర్చిపోతారు. ఉద్యోగం మానేశాక అదే ఆసుపత్రికి మళ్లీ వెళ్లి అడిగితే ఎవరు పలుకుతారు? బ్రిటన్‌కి ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7, రాతలో మాత్రం 6.5 చాలు. ఏజెంటు ఎవరైనా కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు ఉందో లేదో చూడాలి. నియామకానికి వాళ్లు తీసుకోదగ్గ రుసుం 30,000, పైన జీఎస్టీ. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

పరిశోధన అడిగింది ఒక్క ఎంబీబీఎస్ కుర్రాడు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, రెండు నెలల పని. గైడు దొరకడం కష్టమేం కాదు, ఎథిక్స్ కమిటీ అనుమతే ఆలస్యమవుతుంది. అది రోజూ కూర్చునే కమిటీ కాదు. సర్టిఫికెట్టూ డబ్బూ రిపోర్టు ఆమోదం పొందాకే.

అయిదింటికి గది తాళం వేస్తుంటే పొద్దుటి ఇద్దరూ మళ్లీ వచ్చారు. చిన్నది మొదటి డోసు వేయించుకుని వచ్చింది, జబ్బ మీద దూది ఇంకా ఉంది. కార్డు వెనక తేదీలు రాయమంది. నవంబర్ 4, ఏప్రిల్ 4. ఫోన్లో క్యాలెండర్ తీసి చూసి, "ఏప్రిల్‌లో ఊళ్లో ఉండను మేడమ్, అక్క పెళ్లి" అంది. ఊరేదంటే పార్వతీపురం. రెండ్రోజులు అటూ ఇటూ అయితే ఏం కాదు, పెళ్లికి వెళ్లొచ్చాక ఆ వారంలోనే వేయించుకొమ్మన్నాం. పెద్దది కార్డు లాక్కుని ఏప్రిల్ 4 కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది.