చిన్నమ్మ చేతి మచ్చ, లేజర్ వెలుగు

మా చిన్నమ్మ చేతి మచ్చకు లేజర్ చికిత్స చేయిస్తున్నామని తెలిసిన నాటి నుంచి బంధువులలోనూ, నేను పనిచేసే కళాశాలలోనూ నన్ను ఆపి అడిగేవారు ఎక్కువయ్యారు. కాలిన చేతిని మళ్ళీ కాల్చడమేమిటని కొందరు ఆశ్చర్యపోతే, మచ్చ పూర్తిగా పోతుందా అని మరికొందరు ఆశగా అడుగుతున్నారు. నేను వైద్యురాలిని కాను; హన్మకొండలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. కాంతి నేను చెప్పే పాఠం, చిన్నమ్మ నన్ను పెంచిన మనిషి కనుక, ఆమె వెంట ఆసుపత్రికి వెళ్ళినప్పుడు విన్నదానినీ, ఆ తరువాత చదివి తెలుసుకొన్నదానినీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆ రెండు ప్రశ్నలకూ నిజానికి జవాబు ఒకటే. లేజర్ మచ్చను చెరిపివేయదు. గాయం మానినచోట శరీరం తొందరలో చేసుకొన్న మరమ్మతును మరొకసారి, ఈసారి కొంత కుదురుగా చేసుకొనేలా దానిని కదిలిస్తుంది. అలా కదిలించడానికి మళ్ళీ కొద్దిగా గాయపరచక తప్పదు.

సంక్రాంతికి సకినాలు వేయిస్తున్నప్పుడు నూనె మూకుడు ఒరిగి చిన్నమ్మ కుడి ముంజేయి, చేతి వెనుకభాగం కాలాయి. గాయం మానడానికి నెల దాటింది. లోతుగా కాలి, మూడు వారాలకు పైగా మానని గాయాలలో మచ్చ ఉబ్బెత్తుగా లేచే అవకాశం ఎక్కువ. ఆమెకూ అలాగే అయింది. మొదట ఎర్రగా లేచిన చర్మం క్రమంగా నల్లబడి, గట్టిపడి, మణికట్టును పూర్తిగా వంచనీయకుండా పట్టుకొంది. చూసినవారంతా దాని రంగు గురించి బాధపడేవారు గాని, ఆమె బాధ వేరు. "మచ్చ ఎట్లున్నా మంచిదే బిడ్డా, ఈ దురద పోతే చాలు, రాత్రి నిద్ర పడ్తలేదు" అనేది. చికిత్స ఫలితాన్ని దేనితో కొలవాలో ఆ మాటతోనే నాకు తెలిసింది.

చర్మం లోపలి పొరలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు ఉంటాయి. ఆరోగ్యవంతమైన చర్మంలో అవి వరంగల్ కొత్తవాడ మగ్గం మీద నేసిన దర్రీలో పడుగూ పేకా మాదిరిగా ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి; మచ్చలోనైతే పేక లేని పడుగులా ఒకే దిశలో, దట్టంగా, బిగుతుగా పరుచుకొంటాయి. అందుకే అక్కడి చర్మం సాగదు. గాయమైన తొలి రోజులలో వాపు, ఆ తరువాతి వారాలలో కొత్త రక్తనాళాలు, కొత్త కొల్లాజెన్ రావడం, ఆపైన నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏడాదికి పైగా, ఆ కొల్లాజెన్‌ను శరీరం సర్దుకోవడం అనే వరుసలో మరమ్మతు సాగుతుంది. మూడవ రకం కొల్లాజెన్ స్థానంలో గట్టిదైన మొదటి రకం వచ్చి చేరేది ఈ చివరి దశలోనే. ఎంత బాగా మానినా మచ్చ బలం మామూలు చర్మపు బలంలో దాదాపు 80 శాతాన్ని మించదు. లోతుగా కాలినచోట పోయిన చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ళు తిరిగి రావు. "మచ్చలు మాయం" అని బోర్డు మీద రాయించేవారు ఈ సంగతి తెలిసే రాయిస్తారని నా అనుమానం.

ఇక కాంతి విషయం. మొదటి లేజర్‌ను 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో వెలిగించాడు. నాలుగేళ్ళకే, 1964లో, బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న భారతీయుడు, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనుగొన్నాడు. తరగతిలో ఆయన పేరు చెప్పినప్పుడు ఇంతకాలం పరిశ్రమలలో లోహాలను కోసే యంత్రాలను ఉదాహరణగా చూపేదాన్ని; ఇప్పుడు చిన్నమ్మ చేయి కూడా ఉదాహరణలలో చేరింది. ఈ లేజర్ తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు, అంటే కంటికి కనబడని పరారుణ కాంతి. నీరు దానిని విపరీతంగా పీల్చుకొంటుంది. మన కణజాలంలో అధికభాగం నీరే కనుక, ఆ కిరణం తగిలినచోట కణాలు క్షణంలో ఆవిరైపోతాయి.

అయితే తగిలినచోటల్లా ఆవిరి చేసుకొంటూ పోతే అది మరో కాలిన గాయమవుతుంది. ఈ చిక్కును రెండు ఆలోచనలు విప్పాయి. మొదటిది 1983లో అమెరికా చర్మవైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ప్రతిపాదించినది. కాంతి రంగును లక్ష్యానికి తగినట్లు ఎంచుకొని, ఆ లక్ష్యం చల్లారడానికి పట్టే సమయం కన్నా తక్కువ సేపు కాంతిని పంపితే, వేడి పక్కకు పాకకముందే పని పూర్తవుతుందన్నది దాని సారం. 585 లేదా 595 నానోమీటర్ల పసుపు కాంతిని వెలువరించే పల్స్‌డ్ డై లేజర్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. ఆ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకొంటుంది కాబట్టి మచ్చకు ఎరుపునిచ్చే సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి, మచ్చ ఎదుగుదలకు అందే పోషణ తగ్గుతుంది. లేతగా, ఎర్రగా ఉన్న మచ్చలకు దీనిని వాడతారు. చిన్నమ్మ మచ్చ ఆ దశ దాటిపోయింది.

రెండవ ఆలోచన 2004లో ఆండర్సన్ బృందం నుంచే వచ్చింది. చర్మమంతటినీ తాకకుండా, వెంట్రుక మందంలో ఉండే వేల సన్నటి నిలువు రంధ్రాలుగా కిరణాన్ని విడగొట్టి, రంధ్రానికీ రంధ్రానికీ నడుమ చర్మాన్ని ముట్టుకోకుండా వదిలివేయడం. ఫ్రాక్షనల్ లేజర్ అంటే ఇదే. ముట్టుకోని ఆ భాగాల నుంచి కొత్త కణాలు పాకివచ్చి పైపొరను కొద్ది రోజులలోనే మూసివేస్తాయి. లోపల మాత్రం పని చాలాకాలం సాగుతుంది: వేడికి స్పందించిన కణాలు పాత కొల్లాజెన్‌ను తెగ్గొట్టే ఎంజైములను విడుదల చేస్తాయి, దాని స్థానంలో కొత్త పోగులు వస్తాయి, బిగుసుకొన్న మచ్చ అనేకచోట్ల తెగి కొంత వదులవుతుంది. మందమైన కాలిన మచ్చలకు రంధ్రాలను లోతుగా వేస్తారు కాని దట్టంగా వేయరు. ఒక విడతలో మొత్తం విస్తీర్ణంలో 5 శాతానికి మించకుండా ముట్టుకోవడమే సాధారణ పద్ధతి. ఎక్కువ కాలిస్తే ఎక్కువ ఫలితం వస్తుందనుకోవడం ఇక్కడ చెల్లదు, దట్టంగా వేస్తే కొత్త మచ్చ వచ్చి కూర్చొంటుంది. కొందరు వైద్యులు లేజర్ వేసిన వెంటనే ఆ రంధ్రాల మీద ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందు చుక్కలుగా వేస్తారు. సూదితో గుచ్చితే గట్టి మచ్చలోకి కష్టంగా దిగే మందు ఆ దారులలో సమంగా దిగుతుంది.

మనవాళ్ళు శ్రద్ధగా వినవలసిన సంగతి చర్మపు రంగు. 1975లో అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ చర్మాన్ని ఎండకు అది స్పందించే తీరునుబట్టి వర్గాలు చేశాడు. నేడు వాడుకలో ఉన్న ఆరు వర్గాలలో మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు వర్గాలలోకి వస్తాము. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చుకొంటుంది, ముఖ్యంగా కంటికి కనిపించే కాంతినీ, దాని దగ్గరి పరారుణ కాంతినీ. రక్తనాళాల కోసం పంపిన పసుపు కాంతిలో కొంత భాగం పైనున్న మెలనిన్ వద్దే ఆగి చర్మాన్ని కాల్చవచ్చు. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌కు రంగుతో పని లేకపోయినా, అది కలిగించే వాపు వలన మన చర్మం నల్లబడే గుణం ఉండనే ఉంది. అందువలన తెల్లని చర్మానికి నప్పిన శక్తినీ, సాంద్రతనూ ఇక్కడ అలాగే వాడకూడదు. తగ్గించి, విడతల మధ్య ఎడం పెంచి, ముందుగా మరుగుగా ఉన్న చిన్న భాగంలో వేసి కొన్ని వారాలు చూడాలి. మా వైద్యుడు అలా చూశాకే మొదలుపెట్టాడు. చిన్నమ్మకు ఆ ఆలస్యం నచ్చలేదు గాని నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

చికిత్స గంటలోపే ముగిసేది, అందులోనూ మత్తు క్రీము రాసి కూర్చోబెట్టడానికే ఎక్కువ సేపు పట్టేది. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్ళద్దాలు గదిలోని అందరమూ పెట్టుకొన్నాము, ఎందుకంటే గురితప్పిన కిరణం కంటి ముందుభాగపు పారదర్శక పొరను (కార్నియాను) కాల్చగలదు. ఆవిరైన కణజాలపు పొగను గొట్టంతో లాగివేస్తున్నా వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. వరుసలు తీరిన చుక్కలు, వాటిలో అక్కడక్కడ రక్తపు తేమ, వేడి మంట. ఒకటి రెండు రోజులు నీరులా ఊరుతుంది, తరువాత గోధుమరంగు పొక్కు కట్టి దానంతట అదే రాలిపోతుంది. రోజూ శుభ్రంగా కడిగి పెట్రోలియం జెల్లీ రాయడమే సంరక్షణ. పసుపు పెట్టమని, పసరు రాయమని మా ఊరివాళ్ళు ఇచ్చిన సలహాలన్నింటినీ చిన్నమ్మ తలూపి విని, ఒక్కటీ పాటించలేదు.

కష్టమైనది ఎండ. వేసవిలో 43, 44 డిగ్రీలు కాసే మన ప్రాంతంలో లేజర్ చేయించుకొన్న చర్మాన్ని ఎండ తగలనీయకపోవడం, పరకాల వైపు పల్లెలో వ్యవసాయం చేసుకొనే మనిషికి చెప్పినంత తేలిక కాదు. "పత్తి ఏరే పనులప్పుడు చేనుకు పోవద్దంటే ఎట్ల సారూ?" అని ఆమె వైద్యునితో వాదానికి దిగింది. ఆయన కోప్పడకుండా, ఎండలు తగ్గాక మొదలుపెట్టి పత్తి ఏరే రోజులలో విరామమిద్దామన్నాడు. విడతకూ విడతకూ నడుమ ఎలాగూ కనీసం కొన్ని వారాల ఎడం ఉండాలి గనుక ఆ విరామం వలన నష్టమేమీ జరగలేదు. బయటికి వెళ్ళినప్పుడు పొడవు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ మాత్రం తప్పలేదు.

మొదట తగ్గినది దురద. తరువాత మచ్చ మెత్తబడింది, చిటికెలో పట్టుకొంటే కొద్దిగా లేస్తోంది, మణికట్టు మునుపటికన్నా ఎక్కువ వంగుతోంది. బతుకమ్మకు ఆ చేతికి నిండుగా గాజులు వేసుకొంది. రంగులో తేడా ఇప్పటికీ దూరం నుంచే తెలుస్తుంది, అంచు అలాగే ఉంది. ఈ ఫలితమంతటినీ లేజర్ ఖాతాలో వేయలేను. సిలికాన్ పట్టీ, ఒత్తిడినిచ్చే బిగుతు తొడుగు, రోజూ నూనెతో మర్దన, ఫిజియోథెరపీ వ్యాయామాలు మొదటి నుంచీ సాగుతూనే ఉన్నాయి. వీటికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. లేజర్ కన్నా ముందు ఇవి మొదలుపెట్టించని చోటును నేనైతే నమ్మను.

ఇంట్లో వాడుకొనే ఎర్రకాంతి పరికరాల గురించి కూడా అడుగుతున్నారు. అది వేరే జాతి. 1967లో హంగరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ బలహీనమైన లేజర్ కాంతి ఎలుకల మీద వెంట్రుకలు త్వరగా పెరిగేలా చేయడం గమనించిన నాటి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ఇందులో కాల్చడం ఉండదు. ఎరుపు, దగ్గరి పరారుణ కాంతిని కణాలలోని మైటోకాండ్రియా పీల్చుకొని శక్తి ఉత్పత్తిని పెంచుకొంటాయన్నది వివరణ. మోతాదు మించితే ఫలితం తగ్గే విచిత్రమూ ఇందులో ఉంది. గాయం మానే దశలో దీనికి కొంత ఉపయోగం ఉండవచ్చు గాని, గట్టిపడిన పాత మచ్చను మెత్తబరుస్తుందని చెప్పడానికి తగినంత ఆధారం లేదు.

గాయపు హద్దు దాటి పక్క చర్మంలోకి పెరిగే కెలాయిడ్‌కు కూడా లేజర్ ఒక్కటే సరిపోదు. మళ్ళీ పెరగడం దాని స్వభావం, స్టెరాయిడ్ సూదులు, ఇతర చికిత్సలు తోడు కావాలి. ఛాతీ నడుమ, భుజం మీద, చెవి తమ్మెకు అది ఎక్కువగా వస్తుంది. చిన్నమ్మది కెలాయిడ్ కాదని మొదటే తేల్చారు. మచ్చ ఏ జాతిదో తెలియకుండా ప్రైవేటు క్లినిక్‌లో ప్యాకేజీకి డబ్బు కట్టడం కన్నా, వరంగల్ ఎంజీఎం వంటి బోధనాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి ముందుగా ఒకసారి చూపించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

చిన్నమ్మకు ఇంకా ఒక చిక్కు మిగిలింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మచ్చ పొరలా సాగి బిగుసుకుపోయింది, చెంబును పూర్తిగా పట్టుకోలేదు. కీలును లాగి పట్టిన అటువంటి మడతను లేజర్ వదులు చేయలేదు, ప్లాస్టిక్ సర్జన్ కోసి చర్మాన్ని ఆంగ్ల అక్షరం జెడ్ ఆకారంలో మళ్ళించి కుట్టవలసి ఉంటుంది. పత్తి పనులు ముగిశాక ఆ సర్జన్‌ను కలవబోతున్నాము.