ట్రెక్‌కి పిల్లల చేతిలో ఫోన్లు ఉండాలా?

మా కాలనీ పిల్లల్ని మళ్లీ వికారాబాద్ దగ్గరున్న అనంతగిరి కొండలకి తీసుకెళ్దామనగానే వాట్సాప్‌లో అదే గొడవ, ఫోన్లు ఇవ్వాలా వద్దా అని. నా మాట సూటిగా చెప్తున్నా. పిల్లల చేతిలో వద్దు, వెంట వచ్చే పెద్దవాళ్ల దగ్గర మాత్రం రెండు ఫోన్లు, ఒక పవర్‌బ్యాంక్ ఉండి తీరాలి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, అది టవర్ మీద కాదు ఉపగ్రహాల మీద ఆధారపడేది కాబట్టి, కాకపోతే మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మన సిమ్‌కి సిగ్నల్ లేకున్నా వేరే నెట్‌వర్క్ అందితే అత్యవసర నంబర్ 112కి కాల్ వెళ్తుంది. అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సిగ్నల్ వెతుక్కుంటూనే బ్యాటరీ అయిపోతుంది.

పోయినసారి పిల్లల ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించాం. కాసేపు చేతులు ఊరికే జేబుల్లోకి పోయాయి. తర్వాత తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చీమల దగ్గర కూర్చుండిపోయింది, ఒక చీమ తనకన్నా పెద్ద మిడత కాలుని ఈడ్చుకుపోతుంటే అది పుట్టలోకి వెళ్లేదాకా లేవనే లేదు, మేమంతా ఆగాం. మూసీ ఈ కొండల్లోనే పుడుతుందంటే ఇంకొకడు నమ్మలేదు, చాదర్‌ఘాట్ బ్రిడ్జి కింద పారేది ఇదేనా అంకుల్ అని రెండుసార్లు అడిగాడు.

అమ్మలకి టెన్షన్ ఉంటుంది, కాదనను. అందుకే సాయంత్రం మా ఫోన్ నుంచే అందరితో మాట్లాడించాం. ఈసారి పిల్లలు ఫొటోలకి కెమెరా కావాలంటున్నారు, అందరికీ కలిపి ఒకటి ఇద్దామనుకుంటున్నా.